షంటింగ్ లేఅవుట్: నాలుగడుగుల బల్ల మీద మీ సొంత రైల్వే యార్డు

ఇంట్లో మోడల్ రైలు అనగానే అందరి కళ్ల ముందూ గుండ్రంగా తిరిగే పట్టాలే కదులుతాయి. వాటికి చోటు చాలా కావాలి. 16.5 మి.మీ. గేజ్‌లో (గేజ్ అంటే రెండు పట్టాల మధ్య దూరం) బాగా బిగువైన వంపులు పెట్టినా బల్ల వెడల్పు 85 సెం.మీ. దాకా పోతుంది. పైగా రైలు నాలుగు చుట్లు తిరిగాక చూడ్డానికి కొత్తగా ఏమీ ఉండదు. షంటింగ్ అంటే వ్యాగన్లను అటూ ఇటూ జరిపి కావాల్సిన వరుసలో పేర్చడం. అలాంటి షంటింగ్ లేఅవుట్‌కు అడుగు వెడల్పు, నాలుగడుగుల పొడవు ఉంటే చాలు. ఒక చిన్న ఇంజన్, కొన్ని వ్యాగన్లు, రెండు పాయింట్లు (ఒక పట్టా రెండుగా చీలే చోట దారి మార్చేవి). ఏ వ్యాగన్ ముందు తీయాలి, ఏది ఎక్కడ వదలాలి అని ఆలోచిస్తూ గంటసేపు కదలకుండా కూర్చోబెట్టే శక్తి దీనికుంది.

అయితే పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో గట్టిగా పెట్టుకోండి. షంటింగ్‌లో ఇంజన్ పాకుతున్నట్టు నడవాలి. పాయింట్ల మీద కూడా ఆగకుండా, కుదుపు లేకుండా. అసలు యార్డులో గంటకు 5 కి.మీ. వేగం అనుకుంటే, 1:76 స్కేల్లో అది సెకనుకు దాదాపు 18 మి.మీ. అంటే 1200 మి.మీ. బల్ల ఈ చివర నుంచి ఆ చివరికి చేరడానికి నిమిషం పైనే పట్టాలి. ఆ వేగంలో పట్టా మీద చిన్న మురికి మరక ఉన్నా, జాయింటు దగ్గర చిన్న మెట్టు ఉన్నా ఇంజన్ ఆగిపోతుంది. వేగంగా తిరిగే రైలు అలాంటి లోపాలన్నీ దాటేసి పోతుంది. మెల్లగా నడిచేది ఒక్కదాన్నీ వదలదు. కాబట్టి డబ్బూ ఓపికా ముందు పాయింట్లు, చక్రాలు, వైరింగ్ మీద పెట్టండి. చెట్లూ భవనాలూ తర్వాత.

ప్లాన్: రెండు పాయింట్లు, మూడు సైడింగులు

మొదటిసారి కట్టేవాళ్లకు నేను కళ్లు మూసుకుని చెప్పే ప్లాన్ ఇంగిల్‌నుక్. బ్రిటన్‌కు చెందిన ఆలన్ రైట్ రూపొందించినది. మూడు సైడింగులు, అంటే వ్యాగన్లు నిలిపే పక్క పట్టాలు: ఒకదాంట్లో 5 వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. రెండో వైపు హెడ్‌షంట్, అంటే ఇంజన్ వ్యాగన్లను లాక్కుని వచ్చి నిలబడే మొండి పట్టా. దాంట్లో ఇంజన్‌తో పాటు 3 వ్యాగన్లు మాత్రమే పట్టాలి.

ఆట ఇలా ఉంటుంది. మొత్తం 8 వ్యాగన్లు. వాటిలో చీటీలు తీసి ఐదింటిని, చీటీలు వచ్చిన వరుసలోనే, పొడవాటి సైడింగ్‌లో రైలుగా నిలబెట్టాలి. ఎనిమిదింట్లోంచి ఐదింటిని వరుసతో సహా ఎంచుకునే విధాలు 8×7×6×5×4, అంటే 6,720. రెండు పాయింట్ల యార్డు అంత పని పెడుతుంది.

ఇక్కడ కొలతలే ఆట. హెడ్‌షంట్ పొడవు కాస్త పెరిగి నాలుగో వ్యాగన్ కూడా పట్టిందా, చిక్కుముడి వదులైపోతుంది. రెండే పట్టాయా, కదలికలు విసుగొచ్చేంత పెరుగుతాయి. కాబట్టి ముందు ఇంజన్, వ్యాగన్లు కొనండి, ఆ తర్వాతే పట్టాలు కొయ్యండి. కప్లింగులు (వ్యాగన్లను ఒకదానికొకటి కలిపేవి) తగిలించి, ఎనిమిది వ్యాగన్లనూ వరుసగా నిలబెట్టి కొలవండి. ఒక్కోటి విడిగా కొలిచి కూడితే లెక్క తప్పుతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. వ్యాగన్ కప్లింగ్‌తో కలిపి 90 మి.మీ., ఇంజన్ 120 మి.మీ. అనుకుందాం. హెడ్‌షంట్‌కు 120 + 270 = 390. పొట్టి పాయింట్ పొడవు 185. పాయింట్ దాటిన వెంటనే వ్యాగన్ నిలబెడితే పక్క దారిలో వచ్చేది దాన్ని రాసుకుంటుంది. రెండు పట్టాలూ తగినంత విడిపోయే దాకా ఇంకో 110 మి.మీ. ఖాళీ వదలాలి. ఆ తర్వాత 5 వ్యాగన్లకు 450. మొత్తం 1135 మి.మీ. రెండో పాయింట్ వైపు చూస్తే 390 + 185 + 185 + 110 + 270 = 1140. దాదాపు సమానం. అందుకే పొడవాటి సైడింగ్‌ను మొదటి పాయింట్ నుంచే పక్కకు తీయండి. తిన్నగా వెళ్లే దారిలో రెండో పాయింట్ పెట్టి, అక్కడి నుంచి రెండు పొట్టి సైడింగులు తీయండి. రెండు చివర్లా బఫర్ స్టాపులకు (పట్టా చివర బండిని ఆపే అడ్డులకు) పోను అంతా 1220 మి.మీ.లో ఇమిడిపోతుంది. ప్లైవుడ్ షీటు వెడల్పు కూడా అంతే కాబట్టి వృథా ఉండదు.

చాలామంది మర్చిపోయేది ఆ 110 మి.మీ. ఖాళీనే. కాగితం మీద అన్నీ పట్టినట్టే కనిపిస్తాయి, తీరా నడిపితే మూడో వ్యాగన్ మూల పక్కదానికి తగులుతుంది.

అంత చోటు కూడా లేదంటే 3-2-2 పద్ధతి ఉంది. 5 వ్యాగన్లు, 3 వ్యాగన్ల రైలు, హెడ్‌షంట్‌లో ఇంజన్‌తో 2. వరుసలు 60కి తగ్గుతాయి, కానీ పిల్లలతో ఆడుకోవడానికి ఇదే బాగుంటుంది. లేదా 9 మి.మీ. పట్టాలుండే ఎన్ గేజ్‌కు వెళ్లొచ్చు. చోటు దాదాపు సగానికి తగ్గుతుంది. నా మట్టుకు నేను షంటింగ్‌కు 16.5 మి.మీ. వైపే మొగ్గుతాను. ఇంజన్ బరువుగా ఉంటుంది, కరెంటు బాగా అందుకుంటుంది, కప్లింగులు విడదీయడానికి వేళ్లకు వీలుంటుంది.

కాగితం మీద నిజం సైజులో

ఓ పెద్ద కాగితం నేల మీద పరిచి, పాయింట్లను దాని మీదే పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీయండి. సైడింగుల గీతలు గీసి వ్యాగన్లను నిలబెట్టండి. చేత్తోనే తోస్తూ రెండు మూడు ఆటలు ఆడండి. ఎక్కడ ఇరుకు, ఎక్కడ అనవసరంగా చోటు పోయింది అనేది అక్కడే తెలుస్తుంది. పట్టాలను బల్ల అంచుకు సమాంతరంగా కాకుండా కాస్త ఏటవాలుగా పెట్టి చూడండి. చిన్న బల్ల పెద్దగా కనిపిస్తుంది.

బల్ల

పైన 9 మి.మీ. ప్లైవుడ్, కింద చుట్టూ చెక్క ఫ్రేము, మధ్యలో రెండు అడ్డచెక్కలు. అంతకు మించి అక్కర్లేదు. అడ్డచెక్కలు బిగించే ముందు కాగితాన్ని బల్ల మీద పెట్టి, పాయింట్ల టై బార్లు వచ్చే చోట గుర్తు పెట్టుకోండి. టై బార్ అంటే పాయింట్‌లో కదిలే రెండు పట్టా ముక్కలను, అంటే బ్లేడ్లను, కలిపి కదిపే అడ్డపట్టీ. సరిగ్గా దాని కింద అడ్డచెక్క వచ్చిందంటే తర్వాత స్విచ్ పెట్టడానికి దారే ఉండదు.

బల్ల మట్టం చాలా ముఖ్యం. నున్నగా తిరిగే చక్రాలున్న వ్యాగన్ కొంచెం వాలున్నా తనంతట తానే జారిపోతుంది. వదిలిన చోట వ్యాగన్ నిలబడకపోతే షంటింగే లేదు. మట్టపు బద్దతో పొడవునా, అడ్డంగా కూడా చూడండి. ఆపైన బాగా తిరిగే వ్యాగన్‌ను నాలుగు చోట్ల నిలబెట్టి చూడండి. వ్యాగన్ చెప్పేదే ఆఖరి మాట. బల్లను ఛాతీ ఎత్తులో పెట్టుకుంటే కప్లింగులు కళ్లకు దగ్గరగా ఉంటాయి, నడుము నొప్పి కూడా ఉండదు.

పట్టాలు పరచడం

బల్ల మీద 3 మి.మీ. కార్క్ షీటు అంటిస్తే చప్పుడు తగ్గుతుంది. ముందు రెండు పాయింట్లనూ వాటి చోట్లలో కూర్చోబెట్టండి, తర్వాత వాటి నుంచి బయటికి పట్టాలు పరచండి. సైడింగులకు వంచుకోవడానికి వీలైన ఫ్లెక్సిబుల్ ట్రాక్ వాడండి. జాయింట్లు తగ్గుతాయి.

పట్టా కోసిన చోట చివరలు తప్పకుండా ఆకురాయితో రాయాలి. అడుగున మిగిలిన రజను వల్ల జాయినర్ (రెండు పట్టాల చివరలను కలిపే తొడుగు) సగమే ఎక్కుతుంది. జాయినర్ పడ్డాక కళ్లతో చూసి వదిలేయకండి. గోటిని పట్టా పైభాగం మీద, తర్వాత లోపలి అంచు మీద మెల్లగా జరపండి. గోరు ఎక్కడ తట్టుకుంటే చక్రం కూడా అక్కడే తట్టుకుంటుంది. సన్నటి ఆకురాయితో రెండు రుద్దులు రుద్దితే పోతుంది.

అంటించడానికి ఫెవికాల్ లాంటి తెల్ల జిగురు చాలు. పాయింట్ల కింద మాత్రం బ్లేడ్లు, టై బార్ ఉన్న భాగానికి జిగురు తగలనివ్వకండి. మేకులు వాడితే స్లీపర్ (పట్టాల కింది అడ్డదిమ్మె) వంగేదాకా కొట్టొద్దు. స్లీపర్ మధ్యలో కుంగితే రెండు పట్టాలూ లోపలికి వాలి గేజ్ తగ్గుతుంది.

కరెంటు: ఇక్కడ తొందరపడొద్దు

పాయింట్‌లో పట్టాలు ఒకదాన్నొకటి దాటే చోటును ఫ్రాగ్ అంటారు. కొన్ని పాయింట్లలో ఫ్రాగ్ ప్లాస్టిక్‌తో ఉంటుంది, అక్కడ కరెంటు ఉండదు. పొడవాటి ఇంజన్‌కు అది లెక్కే కాదు, మిగతా చక్రాలు కరెంటు అందుకుంటాయి. షంటింగ్ ఇంజన్లు పొట్టివి. నాలుగే చక్రాలున్న ఇంజన్ మెల్లగా వస్తే సరిగ్గా ఫ్రాగ్ మీద ఆగి కూర్చుంటుంది. వేలితో తోస్తే గానీ కదలదు. అందుకే లోహపు ఫ్రాగ్ ఉన్న పాయింట్లే కొనండి, ఆరు చక్రాలూ కరెంటు అందుకునే ఇంజన్ కొనండి.

లోహపు ఫ్రాగ్‌లోనూ రకాలున్నాయి. ఫ్రాగ్‌కు మిగతా పట్టాలతో సంబంధం లేకుండా, కింద నుంచి విడిగా ఒక వైరుతో వచ్చేది అన్నిటికంటే సులువు. పాత తరహా లైవ్ ఫ్రాగ్ (మిగతా పట్టాలతో కలిసే ఉండేది) అయితే, ఫ్రాగ్ నుంచి బయటికి వెళ్లే రెండు లోపలి పట్టాలకూ ప్లాస్టిక్ జాయినర్లు వేయాలి. వేయకుండా అవతలి నుంచి కూడా కరెంటు ఇస్తే షార్ట్ అవుతుంది.

ఫ్రాగ్‌కు కరెంటు ఏ దారి తెరిచి ఉంటే ఆ దారికి తగ్గట్టు మారాలి. దీనికి మోటార్లు అక్కర్లేదు. మూడు కాళ్ల స్లైడ్ స్విచ్ చాలు. మధ్య కాలికి ఫ్రాగ్ వైరు, పక్క కాళ్లకు బయటి పట్టాల వైర్లు చెరొకటి. స్విచ్‌ను బల్ల అంచున బిగించి, దాని పిడికి చిన్న బెజ్జం వేసి, గట్టి ఇనప తీగతో టై బార్‌కు కలపండి. పిడి జరిపితే బ్లేడ్లు కదులుతాయి, అదే క్షణంలో ఫ్రాగ్ కూడా మారుతుంది. అయితే స్విచ్ జరిగే దూరం బ్లేడ్లు జరిగే దూరం కంటే ఎక్కువ. ఆ తేడా తట్టుకోవడానికి తీగ మధ్యలో ఒక చిన్న వంకీ తిప్పండి. బ్లేడు పట్టాకు ఆనాక మిగిలిన తోపుడును ఆ వంకీ మింగేస్తుంది, బ్లేడును గట్టిగా అదిమి కూడా ఉంచుతుంది. వంకీ లేకపోతే వారం తిరక్కుండా టై బార్ విరుగుతుంది. పాయింట్‌లోనే స్ప్రింగ్ ఉంటే తీసేయొచ్చు, ఆ పని ఇప్పుడు స్విచ్ చేస్తుంది. ఇంజన్ ఫ్రాగ్ మీదికి రాగానే షార్ట్ అయితే కంగారు పడకండి. స్విచ్ పక్క కాళ్ల వైర్లు రెండూ అటుదిటు మార్చండి, సరిపోతుంది.

ఇక ప్రతి పట్టా ముక్కకూ విడిగా ఒక వైరు టంకం వేయండి. జాయినర్ల ద్వారా కరెంటు వస్తుందిలే అని వదిలేస్తే కొత్తలో వస్తుంది, కొన్ని నెలలకు జాయినర్లు నల్లబడి ఆగిపోతుంది. టంకం పట్టాకు బయటి వైపే వేయాలి, లోపల చక్రం అంచు తిరుగుతుంది కదా. ముందు పట్టా మీద కొంచెం, వైరు కొస మీద కొంచెం టంకం విడివిడిగా ఎక్కించి, తర్వాత రెండూ ఆనించి ఒక్క క్షణం వేడి చేస్తే చాలు. ఎక్కువసేపు పెడితే ప్లాస్టిక్ స్లీపర్లు కరుగుతాయి. రెండు పక్కలా తడి దూది పెట్టుకుంటే ఆ భయం ఉండదు. వెనక పట్టాలన్నిటికీ ఎర్ర వైరు, ముందు పట్టాలన్నిటికీ నల్ల వైరు అని పెట్టుకుని, ఆ నియమం ఎక్కడా తప్పకండి.

కంట్రోలర్ మామూలు 12 వోల్టుల డీసీది చాలు. ఒకే ఇంజన్ నడిపే లేఅవుట్‌కు డీసీసీ (డిజిటల్ సంకేతాలతో నడిపే పద్ధతి) తప్పనిసరి కాదు. డబ్బు పెట్టగలిగితే మాత్రం, ఆ సంకేతాలు అందుకునే డీసీసీ డికోడర్‌తో పాటు ఇంజన్‌లో కరెంటు నిల్వ చేసే కెపాసిటర్ పెట్టించుకోవచ్చు. మురికి మచ్చల మీద కూడా ఇంజన్ ఆగకుండా సాగిపోతుంది. డీసీ కంట్రోలర్లలో ఫీడ్‌బ్యాక్ రకం (మోటార్ వేగాన్ని బట్టి కరెంటును తనే సర్దేది) కొనే ముందు మీ ఇంజన్‌లో కోర్‌లెస్ మోటార్ (తిరిగే భాగంలో ఇనప కోర్ లేనిది) ఉందేమో చూసుకోండి. ఆ మోటార్లకు అది పడదు.

వ్యాగన్లను సిద్ధం చేయడం

పట్టాలు ఎంత బాగా వేసినా, వ్యాగన్ తేలిగ్గా ఉంటే వెనక్కి తోసేటప్పుడు పాయింట్ మీద పట్టా తప్పుతుంది. షంటింగ్‌లో సగం పని తోయడమే. నాలుగు చక్రాల వ్యాగన్ 50 గ్రాముల దగ్గర ఉండేలా లోపల సీసం గానీ, ఇనప నట్లు గానీ అంటించండి. ఆ అంకె కంటే ముఖ్యం, ఎనిమిదీ ఒకే బరువులో ఉండటం. తేలికది మధ్యలో పడితే అదే ముందు పైకి లేస్తుంది.

చక్రాలు లోహానివే వేయండి. ప్లాస్టిక్ చక్రాలు మురికిని పట్టాలంతా పూస్తాయి. ఒక ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం 14.4 నుంచి 14.5 మి.మీ. ఉందో లేదో ప్రతి ఇరుసుకూ చూడండి. పాయింట్ దగ్గర తరచూ పట్టా తప్పే వ్యాగన్‌కు పది సార్లలో తొమ్మిది సార్లు రోగం ఇక్కడే ఉంటుంది.

కప్లింగ్ ఏ రకమైనా సరే, అన్నిటికీ ఒకటే రకం, ఒకటే ఎత్తు. కొక్కెం కప్లింగ్ అయితే సన్నటి తీగ కొస వంచిన పుల్లతో పైకి లేపి విడదీయొచ్చు. నకుల్ కప్లింగ్ (మడిచిన వేళ్లలా ఒకదాన్నొకటి పట్టుకునేది) అయితే మొన తేలిన పుల్లను మధ్యలోకి దించి కొంచెం తిప్పితే విడిపోతుంది, అయస్కాంతంతో చెయ్యి పెట్టకుండా కూడా విడదీయొచ్చు. ఏదైనా బిగువుగా లాగి ఉన్నప్పుడు ఊడదు. ఇంజన్‌ను ఒక వెంట్రుకవాసి వెనక్కి తోసి వదులు చేశాక విడదీయండి. అసలు యార్డుల్లోనూ పని ఇలాగే జరుగుతుంది, అందుకే ఈ చిన్న కదలిక చేసేటప్పుడు నాకు ఎంతో తృప్తిగా ఉంటుంది.

అలంకరణకు ముందు ఆట

కంకర పోయాలని చేతులు దురద పెడతాయి. ఆగండి. కనీసం రెండు మూడు వారాలు ఉత్త పట్టాల మీదే ఆడండి. పట్టా తప్పిన ప్రతి చోటా పెన్సిల్‌తో చుక్క పెట్టండి. చుక్కలన్నీ ఒకే చోట పడితే లోపం పట్టాలో ఉంది. చుక్కలు రకరకాల చోట్ల ఉండి వ్యాగన్ మాత్రం ఒకటే అయితే ఆ వ్యాగన్‌ను పట్టుకోండి. కంకర అంటుకుపోయాక ఇవేవీ సరిచేయలేరు.

ఆట మొదలుపెట్టేటప్పుడు పొడవాటి సైడింగ్‌లో 5, ఒక పొట్టి సైడింగ్‌లో 3 వ్యాగన్లు నిలబెట్టండి. మూడో సైడింగ్ ఖాళీ. ఒక్క చిన్న ఎత్తు చెబుతాను. పొట్టి సైడింగ్‌లో పాయింట్ వైపు నుంచి 6, 7, 8 నంబర్లు ఉన్నాయి, మీకు కావాల్సింది 7. ఇంజన్ వెళ్లి 6ను తగిలించుకుని 6, 7 రెండింటినీ హెడ్‌షంట్‌లోకి లాగుతుంది, 8 అక్కడే ఉంటుంది. పాయింట్ మార్చి ఖాళీ సైడింగ్‌లోకి తోసి 7ను వదులుతుంది. మళ్లీ వెనక్కి వచ్చి 6ను 8 పక్కన పెట్టేస్తుంది. ఇంజన్‌కు దూరంగా ఉన్న వ్యాగనే ముందు విడుదలవుతుందన్న ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా ఆటంతా దాని మీదే నడుస్తుంది. ఖాళీ సైడింగ్‌ను తొందరపడి నింపేయకండి. నింపితే కదలడానికి చోటుండదు.

కంకర, భవనాలు

కంకర పొడిగా పోసి, మెత్తని బ్రష్‌తో స్లీపర్ల మధ్యకు సర్ది, పట్టాల పక్కల అంటుకున్న గింజలు దులిపేయండి. గిన్నెల సబ్బు ఒక చుక్క కలిపిన నీళ్లు పిచికారీ చేసి తడిపాక, సగం నీళ్లు కలిపిన తెల్ల జిగురు చుక్కలు చుక్కలుగా వేయండి. ముందు తడపకపోతే జిగురు చుక్క కంకరను ఉండలు కట్టిస్తుంది. బ్లేడ్ల దగ్గర కంకర వేయకపోవడమే మేలు, అక్కడ రంగు పూసి వదిలేయండి. జిగురు ఆరేదాకా మధ్యమధ్య పాయింట్లు అటూ ఇటూ కదుపుతూ ఉండండి. యార్డు నేల మెయిన్ లైన్‌లా శుభ్రమైన కంకరతో ఉండదు. బొగ్గు నుసి, మట్టి, గడ్డి కలిసి స్లీపర్ల అంచుల దాకా నిండి ఉంటుంది. ముదురు బూడిద రంగు బాగా నప్పుతుంది.

భవనాలన్నీ వెనక వైపే. గోదాము ముందుభాగం మాత్రమే రెండు మూడు సెం.మీ. మందంతో కట్టి వెనక గోడకు ఆనిస్తే చోటు కలిసొస్తుంది. వ్యాగన్లు విడదీసే చోట్లకు ముందు స్తంభాలు, చెట్లు పెట్టకండి. చెయ్యి తగిలి విరుగుతాయి.

నడపబోయే ముందు ప్రతిసారీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో పట్టాలు తుడవండి. గరుకు కాగితంతో రుద్దొద్దు, ఆ గీతల్లో మురికి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇంజన్ చక్రాలకు కూడా ఇదే మందు. ఆల్కహాల్‌తో తడిపిన టిష్యూను పట్టాల మీద అడ్డంగా పరిచి, ఇంజన్ సగం దాని మీద, సగం పట్టా మీద ఉండేలా పట్టుకుని కరెంటు ఇవ్వండి. చక్రాలు తిరుగుతూ టిష్యూ మీద నల్లటి గీతలు వదులుతాయి. ఇంజన్ తిప్పి పెట్టి రెండో వైపు కూడా చేయండి, గీతలు పడటం ఆగేదాకా.